లెక్కలమ్మాయి పెంచుతున్న మా అమ్మాయి

“మన పిల్ల పలకలేదనుకోండి, అక్కడికక్కడే కుదరదంటారా, లేకపోతే ఇంటికి పంపించాక కబురు చేస్తారా?” అని మా ఆయన్ని అడిగాను.

ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో బూట్లు విప్పుకుంటున్నారు. బస్సు డ్రైవరు. రోజంతా స్టీరింగు తిప్పి వచ్చిన మనిషి మీద ఇల్లు చేరీ చేరగానే ఇలాంటి ప్రశ్న వెయ్యకూడదని నాకూ తెలుసు. కానీ పొద్దుటి నుంచీ అది నా గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది.

“వాళ్ళు రమ్మన్న రోజు ఇంకా రానేలేదు కదా,” అన్నారాయన.

“రాదనుకున్నారా?”

“వస్తుంది. వచ్చాక చూద్దాం.”

“వానకి ముందే గొడుగేసుకుని నట్టింట్లో కూచునే రకంరా నీ పెళ్ళాం,” అని వంటగదిలోంచి మా అత్తయ్య అందుకుంది. “పైగా ఆ గొడుక్కి చిల్లుందేమోనని ఇంకో దిగులు.”

ఆవిడ మాటలకి నేను అలవాటు పడిపోయాను. కుట్టుమిషను ముందు కూచుని కిటికీ తెర అంచు మడుస్తున్నాను. తెరల కొట్టువాళ్ళు గుడ్డలు ఇంటికే పంపిస్తారు, నేను అంచులు కుట్టి, రింగులు బిగించి ఇస్తాను. మా పిల్ల మిషను కింద కూచుని ఆ రింగుల్ని వరసగా పేరుస్తోంది. ఇత్తడివన్నీ ఒకవైపు, తెల్లవన్నీ ఒకవైపు. దానికి ఎనిమిదేళ్ళు.

మాటలు రావని కాదు. పదో పాతికో ఉన్నాయి. కానీ అడిగినప్పుడు రావు. పేరు పెట్టి పిలిస్తే తలెత్తదు. ఎప్పుడో, ఎవరూ అడగనప్పుడు, సంబంధం లేకుండా ఒకటి ఊడిపడుతుంది. భోజనాలయి, గిన్నెలు కడిగి, నేను మళ్ళీ మిషను ముందు కూచున్నాక “అన్నం” అంటుంది. దీపం ఆర్పేశాక “బొమ్మ” అంటుంది. అందుకే మా అత్తయ్య దానికి దొరసాని అని పేరు పెట్టింది. “దొరసానిగారు మన అర్జీ తీసుకుని, తీరిగ్గా జవాబు పోస్టులో పంపిస్తారు” అంటుంది. నవ్వులాటకి అన్నమాట. మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళం.

మా వెనక వీధిలో ఒక బడి ఉంది. అందులో ఇలాంటి పిల్లల కోసం కొత్తగా ఒక చిన్న తరగతి తెరిచారు. మా కిటికీలోంచి చూస్తే ఆ బడి గంట కనిపిస్తుంది. నేను వెళ్ళి అడిగితే పెద్ద మేడమ్ మర్యాదగానే మాట్లాడింది. “పిల్లకి బాగా అలవాటైన మనిషి ఎవరైనా సరే, మా ఎదుట దాన్ని ఏదో ఒకటి అడగాలి. అది ఏదో ఒక జవాబు ఇవ్వాలి. మాటైనా సరే, సైగైనా సరే, వేలు పెట్టి చూపించినా సరే. ఆ మాత్రం ఉంటే మిగతాది మేం చూసుకుంటాం. అది కూడా లేకపోతే ఇక్కడ ఉన్న ఇద్దరు టీచర్లతో కాదమ్మా. కొండ అవతల హాస్టలు బడికి రాసిస్తాను,” అంది.

కొండ అవతల బడి అంటే పిల్లని సెలవులకే ఇంటికి పంపిస్తారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నా కళ్ళ ముందు ఒకటే మంచం కనిపిస్తోంది. వరసగా వేసిన మంచాల్లో ఒకటి. దాని మీద నా పిల్ల దాహంతో పడుకుని ఉంటుంది. “నీళ్ళు కావాలా?” అని ఎవరో అడుగుతారు. ఇది పలకదు. వాళ్ళు వెళ్ళిపోతారు. అక్కడితో ఆగదు నా బుర్ర, జ్వరం దాకా, అంబులెన్సు దాకా వెళుతుంది. అది వెళ్ళేచోట్లన్నీ ఇక్కడ రాయను.

“ఒక పని చేస్తే?” అన్నారు మా ఆయన, సాక్సులు బూట్లలో కుక్కుతూ. “ఆ ల్యాబు అమ్మాయిని రమ్మని అడుగుదాం. తనడిగితే పలికింది కదా ఆ రోజు.”

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. మిషను సూది గుడ్డలో దిగినది దిగినట్టే ఉంది.

“ఒక్కసారే పలికింది,” అన్నాను.

“మనకి కావలసింది కూడా ఒక్కసారే.”

“కన్నతల్లిని నేనుండగా దాన్ని అడగడానికి ఊళ్ళోవాళ్ళని తీసుకెళ్ళాలా?”

“అదీ సంగతి,” అంది అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చి. “ఇది దిగులు కాదురా, కుళ్ళు. దిగులైతే మొహం తెల్లబడుతుంది. దీని మొహం చూడు, ఎలా కమిలిందో.”

నేను సూది పైకి లేపి, గుడ్డ జరిపి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాను. 

ఆ అమ్మాయి సంగతి చెప్పాలి. పెద్దాసుపత్రి పై అంతస్తులో ఒక పరిశోధన జరుగుతోంది. ఇలాంటి పిల్లల మెదడు కణాలు ఎలా పనిచేస్తాయో చూస్తారట. మెదడు ముట్టుకోరు, భయపడొద్దు అని మొదటే చెప్పారు. అయినా నేను భయపడ్డాను. పిల్ల మోచేతి దగ్గర పెసరగింజంత చర్మం తీసుకున్నారు. ఆ చర్మాన్ని మందులు పోసి వెనక్కి నడిపిస్తారట, అంటే కడుపులో పిండంగా ఉన్నప్పటి కణంలా మారుస్తారు. అక్కణ్ణుంచి మళ్ళీ ముందుకు నడిపించి మెదడు కణాలుగా పెంచుతారు. వెచ్చటి బీరువాలో, గాజుగిన్నెలో. వాటికి వేళకి తిండి మారుస్తారు.

అది విన్నప్పుడే నాకు లోపల ఏదో చివుక్కుమంది. నేను నొప్పులు పడి ఒక్కసారి కన్నాను. వీళ్ళు నొప్పి లేకుండా రెండోసారి కన్నారు.

ఆ గిన్నె అడుగున వెంట్రుకకన్నా సన్నటి తీగలు ఉంటాయి. కణం చిటుక్కుమన్నప్పుడల్లా కంప్యూటరు తెర మీద ఒక చుక్క పడుతుంది. ఆ చుక్కల్ని చూసి, కంప్యూటర్లో అచ్చం అలాంటి కణాల్నే లెక్కలతో తయారుచేసే పని ఈ అమ్మాయిది. అందుకే మా ఇంట్లో ఆమె పేరు లెక్కలమ్మాయి. పాతికేళ్ళు దాటి ఉంటాయి. జుట్టు దువ్వుకోదు, పెన్సిలు గుచ్చి ముడేస్తుంది. నన్ను ‘ఆంటీ’ అంటుంది. అన్న ప్రతిసారీ నా మీద ఇంకో పదేళ్ళు పడతాయి.

పిల్లని అప్పుడప్పుడూ తీసుకురమ్మంటారు, దాని నడక, చూపు, ఆట రాసుకోవడానికి. మొదటిసారి వెళ్ళినప్పుడు లెక్కలమ్మాయి ఆ చుక్కల్ని స్పీకర్లో వినిపించింది. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒక గుంపుగా మోగి, చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ ఒక గుంపు. మా పిల్ల వెంట తెచ్చుకున్న రింగులు వదిలేసి లేచి వెళ్ళి, ఆ అమ్మాయి కుర్చీకి వీపు ఆనించి నేల మీద కూచుంది. ఇంట్లో అది ఎవరికీ ఆనదు. దగ్గరికి తీసుకుంటే కట్టెలా బిగుసుకుంటుంది. అలాంటిది చక్రాల కుర్చీ కాలికి ఒదిగి కూచుంది. “ఏం చూస్తున్నావ్?” అని లెక్కలమ్మాయి అడిగి తన పనిలో పడిపోయింది. కాసేపటికి నా కూతురు “కిటికీ” అంది. కంప్యూటరు తెరని అంది. తెర కిటికీలాగే ఉంటుంది మరి. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చి మొహం కడుక్కుంటుంటే అత్తయ్య “పలికినందుకు ఏడుస్తున్నావా, దానితో పలికినందుకు ఏడుస్తున్నావా?” అని అడిగింది. ఆవిడ అడిగే ప్రశ్నలకి జవాబు ఆవిడకి ముందే తెలిసి ఉంటుంది.

సరే, పిల్ల కోసం అనుకుని మనసు రాయి చేసుకున్నాను. లెక్కలమ్మాయిని బడికి రమ్మని అడగడానికే పిల్లని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. లిఫ్టులో ఎలా అడగాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. నాలుగూ చేదుగానే ఉన్నాయి.

ఆమె గది తలుపు ఓరగా తీసి ఉంది. లోపల రెండు తెరలు, గుర్రుగుర్రుమనే ఫ్యాను, అడుగున టీ ఎండిపోయిన కప్పులు. ఆమె మాకు వీపు పెట్టి ఫోనులో మాట్లాడుతోంది.

“మా అమ్మాయి ఇవాళ పలికిందే. ఒట్టు. వారం నుంచీ మూగనోము పట్టి కూచుంది కదా, పొద్దున పలికింది. నాకైతే ఎగరాలనిపించింది.”

అది కంప్యూటర్లోదని నాకు తెలుసు. ఆమెకి పెళ్ళి కాలేదనీ తెలుసు. తెలియక మండటం వేరు, తెలిసి మండటం వేరు. నాకు తెలిసే మండింది. నా పిల్ల చర్మంలోంచి పుట్టినది, నా పిల్ల లెక్కలతో కట్టినది, ఈమెకి ‘మా అమ్మాయి’ అయింది. పైగా పలుకుతోంది కూడా. నేను ఎనిమిదేళ్ళ నుంచి అరిచి గీపెడుతున్నా నాకు దక్కనిది.

“ఎవరు, మీ అమ్మాయి?” అన్నాను గుమ్మంలోంచి.

ఆమె వెనక్కి తిరిగి నాలిక కరుచుకుంది. ఫోను పెట్టేసింది.

“రండి ఆంటీ. అది, ఊరికే అలా అలవాటైపోయింది. మేం పేర్లు పెట్టకూడదు, నంబర్లే ఉండాలి. కానీ నంబర్ని ఎంతసేపని తిట్టుకుంటాం?”

“తిడతావా?”

“బాగా తిడతాను. కాళ్ళు కూడా పట్టుకుంటాను.”

“దాని తల్లిని నేను బతికే ఉన్నాను కదమ్మా. తిట్టేముందు నాకొక మాట చెప్పొచ్చు.”

నవ్వుతూనే అన్నాను. ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఆమె గ్రహించిందో లేదో, ఇంకో కుర్చీ మీది కాగితాలు తీసి కింద పెట్టి నన్ను కూచోమంది. నా పిల్ల మాత్రం చేతిలో రింగుతో నన్ను దాటుకుని తిన్నగా వెళ్ళి ఆమె కుర్చీ కాలికి ఆనుకుని కూచుంది. దాని చోటు అన్నట్టు.

“ఇంతకీ ఏమని పలికింది?” అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

ఆమె తెర మీద చుక్కలు చూపించింది. “కణానికి వాకిళ్ళు ఉంటాయి ఆంటీ. వాటిలోంచి ఉప్పు లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. వాకిళ్ళు ఒక్కసారి తెరుచుకుంటే కణం చిటుక్కుమంటుంది. మళ్ళీ అవి సర్దుకునేదాకా దాన్ని ఎంత పొడిచినా ఉలకదు. అందరి కణాలూ అంతే. ఈ పిల్ల కణాల్లో ఒక రకం వాకిలి సర్దుకోవడం నిదానం. ఎంత నిదానమో కనిపెట్టడమే నా లెక్క. గిన్నెలో ఉన్న చుక్కలూ, లెక్కలో వచ్చే చుక్కలూ ఒక్కలా పడితే లెక్క కుదిరినట్టు.”

“మరి కుదరలేదా?”

“ఎక్కడ? లెక్కలోని కణాన్ని కరెంటుతో పొడుస్తాను, పలకదు. మళ్ళీ పొడుస్తాను, పలకదు. లెక్క తప్పిందనుకుని వారమంతా వాకిళ్ళు మార్చాను. ఇవాళ పొద్దున మా సార్ పిలిస్తే, పొడిచి అలాగే వదిలేసి వెళ్ళాను. వచ్చి చూస్తే ఇదిగో, ఇక్కడ పలికి ఉంది. లెక్క తప్పలేదు ఆంటీ. అది సర్దుకునేలోపే నేను మళ్ళీ పొడుస్తున్నాను. పొడిచినప్పుడల్లా పాపం మళ్ళీ మొదటికొస్తోంది.” అని తన నుదురు తనే కొట్టుకుంది. “తప్పు నా తొందరది.”

నేను కుర్చీలో ముందుకి జరిగాను. “అంటే మా పిల్ల కూడా...”

“వద్దు వద్దు, అలా దూకకండి,” అంది చెయ్యి అడ్డం పెట్టి. “ఇది గిన్నెలో కాసిని కణాల సంగతి. రెప్పపాటులో వందో వంతు సంగతిని కంప్యూటరు గంటసేపు సాగదీసి లెక్క కడుతోంది. పిల్ల అంటే బోలెడు. దీన్నుంచి దానికి దూకారని తెలిస్తే మా సార్ నన్ను కిటికీలోంచి గిరాటేస్తారు.”

అని, బల్ల మీద బిస్కెట్ల పొట్లం తీస్తూ, “దొరసానీ, బిస్కెట్ కావాలా?” అని, మా నోట విన్న పేరుతోనే మా పిల్లని అడిగింది.

నేనైతే ఆ వెంటనే అందుకుంటాను. ‘తీసుకో తల్లీ, అక్క అడుగుతోంది చూడు, కావాలా, కావాలని చెప్పు, ఊ అను, తల ఊపు’ అని. అది నా నోటికి ఊపిరిలాంటిది. కానీ ఆ రోజు నోరు మూసుకున్నాను. మంచితనంతో కాదు. పలకకూడదని కోరుకున్నాను. ఈమె అడిగితే నా పిల్ల పలకకూడదు, ఈమె కూడా ఒకసారి నాలాగా చిన్నబోవాలి. తల్లిని అయ్యుండి అలా కోరుకుంటూ బిగబట్టుకుని కూచున్నాను.

లెక్కలమ్మాయి చిన్నబోలేదు. అసలు అడిగిన సంగతే మరిచిపోయింది. పొట్లం ఒళ్ళో పెట్టుకుని తెరలోకి దూరిపోయి, ఏవో అంకెలు మార్చుకుంటూ, తనలో తను ఏదో గొణుక్కుంటోంది. పిల్ల వంక చూడలేదు. నేనొక్కదాన్నే చూస్తున్నాను. ఓర్వలేనివాళ్ళకి కళ్ళు ఎక్కువ అంటారు, నిజమే. ఆమె మోచెయ్యి ఎక్కడుందో, పొట్లం ఎటు వంగిందో, నా పిల్ల వేళ్ళు రింగు మీద ఎలా ఆగాయో అన్నీ చూశాను. ఆగాయి. చాలాసేపు ఆగాయి. ఫ్యాను గుర్రుమంటోంది. కారిడార్లో ఎవరో తోపుడుబండి తోసుకుంటూ ఇటు నుంచి అటు వెళ్ళిపోయారు. ఇంక లేదులే, గెలిచాననుకున్నాను.

అప్పుడు నా కూతురు చెయ్యి పైకి లేచింది. వెనక్కి తిరక్కుండానే, అరచెయ్యి పైకి పెట్టి చాపింది. “బిస్కెట్,” అంది.

లెక్కలమ్మాయి తెర మీద నుంచి చూపు తియ్యకుండా ఒకటి ఆ చేతిలో పెట్టింది. కారులో గేరు మార్చినంత మామూలుగా.

నేను ఓడిపోయాను. ఓడిపోతూనే ఒకటి చూశాను. పలికించింది ఆమె కాదు. ఆమె మరిచిపోవడం, నేను కుళ్ళుతో నోరు మూసుకోవడం, ఈ రెండూ కలిసి ఇచ్చిన ఖాళీలో అది పలికింది. దీపం ఆర్పేశాక ‘బొమ్మ’ అన్నది గుర్తొచ్చింది. గిన్నెలు కడిగేశాక ‘అన్నం’ అన్నది గుర్తొచ్చింది. పిచ్చిమాటలనుకున్నవన్నీ వరసకట్టి వచ్చి నా ముందు నిలబడ్డాయి. అన్నిటికీ ముందు ఎప్పుడో నేనే ఒక ప్రశ్న అడిగి ఉన్నాను. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి పది.

“ఏదో అడగాలని వచ్చినట్టున్నారు ఆంటీ?” అంది ఆమె మేం లేస్తుంటే.

“ఏం లేదమ్మా. ఇటు పని ఉండి వచ్చాం.”

ఇంటికొచ్చి మా ఆయనతో, “ఆ అమ్మాయికి తీరిక లేదట,” అని చెప్పాను.

“పాపం,” అన్నారాయన.

“పాపమే,” అంది అత్తయ్య, నన్నే చూస్తూ.

అంతే, ఇంక ఆ రోజు నుంచీ నాకు నిద్ర పట్టలేదు. అబద్ధమాడి ఆమెని తప్పించాను. ఇప్పుడు పిల్ల పలక్కపోతే కొండ అవతలికి పంపించింది నేనే అవుతాను. ఇంట్లో ఒకసారి చేసి చూద్దామని, పిల్ల ముందు కూచుని “నీళ్ళు కావాలా?” అని ఒక్కసారే అడిగి నోరు కట్టేసుకున్నాను. కళ్ళార్పకుండా చూస్తూ కూచున్నాను. అది ముడుచుకుపోయి మిషను కిందికి జరిగింది.

“అలా గుడ్లప్పగించి చూస్తే నీళ్ళేమిటి, ప్రాణమే పోతుంది,” అంది అత్తయ్య అటుగా వెళుతూ. “అడిగావా, పోలీసు విచారణ పెట్టావా?”

నాకు కోపం వచ్చింది కానీ, ఆవిడన్నది సబబే. నోరు మూసుకుని కళ్ళతో పొడుస్తున్నాను. లెక్కలమ్మాయి చూడలేదు. ఆమెకి చూసుకోవడానికి తెర ఉంది. నాకేముంది?

బడికి వెళ్ళే రోజు సంచిలో ఒక తెర గుడ్డ, సూది, దారం పెట్టుకున్నాను. ఒక ఇత్తడి రింగు, ఒక తెల్ల రింగు కూడా. అవి బల్ల మీద పెట్టి ‘ఏది కావాలి?’ అని అడగాలి, ఒక్కసారే. ఏదో ఒకటి తీసుకున్నా చాలు, జవాబే. అంతకన్నా తేలిక ప్రశ్న నాకు తోచలేదు.

అత్తయ్య నేనూ వస్తానంది. దారిలో నేను, “ఏమండీ, రింగు తీసుకోకుండా నోట్లో పెట్టుకుంటుందేమో,” అన్నాను.

“పెట్టుకుంటే పెట్టుకుంటుంది.”

“మింగితే?”

“అంత రింగు మింగితే సర్కస్‌లో చేర్పిద్దాం, బడెందుకు,” అంది అత్తయ్య.

పెద్ద మేడమ్ గదిలో గోడకి పిల్లలు వేసిన బొమ్మలు అతికించి ఉన్నాయి. పిల్లని చిన్న కుర్చీలో కూచోబెట్టారు. అది దిగి నేల మీద కూచుంది. మేడమ్ ఏమీ అనలేదు. “అలవాటైన మనిషి ఎవరు?” అని మాత్రం అడిగింది.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మా ఆయన గొంతు తగ్గించి, ఎవరికీ వినపడదనుకున్నారు కాబోలు, “ఆ అమ్మాయి వచ్చుంటే ఎంత బాగుండేది,” అని అత్తయ్య చెవిలో అన్నారు.

నాకు వినపడింది.

“నేనే,” అన్నాను మేడమ్‌తో. “తల్లిని.”

ఆ ఉక్రోషంలో రింగులు బల్ల మీద పెట్టడం మరిచిపోయాను, అవి సంచిలోనే ఉండిపోయాయి. గుడ్డ ఒళ్ళోకి తీసుకున్నాను, సూదిలో దారం ముందే ఎక్కించి ఉంది. మేడమ్ కనుబొమ్మలు పైకి లేచాయి. పిల్ల వంక తిరిగాను. ‘ఏది కావాలి?’ అనడానికే నోరు తెరిచాను. కానీ ఎనిమిదేళ్ళుగా నేను అడుగుతున్న పదివేల ప్రశ్నల అడుగున ఒకటుంది, అదే వచ్చింది.

“తల్లీ, నీకు అమ్మ కావాలా, లెక్కలక్క కావాలా?”

మా ఆయన తల గిరుక్కున తిరిగింది. అత్తయ్య ‘హవ్వ’ అన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అన్నాక నాకూ తెలిసింది ఏమన్నానో. వెనక్కి తీసుకోవడానికి లేదు. వెనక్కి తీసుకోవాలంటే ఇంకో ప్రశ్న వెయ్యాలి. ఇంకోటి వేస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

గుడ్డ మడిచి కుట్టడం మొదలుపెట్టాను.

పిల్ల నేల మీద బల్ల కాలిని వేలితో రుద్దుతోంది. అంతవరకే ఓరగా చూశాను, ఆ తర్వాత చూడలేదు. సూది పైకి, సూది కిందికి. ఏ గదిలోంచో పిల్లలు వరసగా ఏదో చదువుతున్నారు, అదీ ఆగిపోయింది. మా ఆయన ఒకసారి దగ్గారు. అత్తయ్య ముందుకి వంగింది, ‘చెప్పవే దొరసానీ’ అని రాబోతోంది ఆవిడ నోట్లోంచి. నేను బల్ల కింద నుంచి ఆవిడ కాలి మీద కాలు వేసి నొక్కాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ పని ఎప్పుడూ చెయ్యలేదు. ఆవిడ నోరు మూతపడింది.

ఇంకా కుడుతున్నాను. కుట్లు వంకరపోతున్నాయి. ఈ అంచు కొట్టువాళ్ళు తీసుకోరు. కళ్ళ ముందు ఆ మంచం వచ్చింది, వరసలో మూడోది, కిటికీకి దూరంగా. దుప్పటి రంగు కూడా కనిపిస్తోంది. ‘అమ్మ అను, అమ్మ అనవే, ఒక్కసారి’ అని నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాను. చూపుడువేల్లో సూది దిగింది, తియ్యలేదు.

మేడమ్ గడియారం చూసుకుంది. పెన్నుకి మూత పెట్టింది. “సరేనమ్మా, మీరు బాధపడకండి, ఇంక...” అని మొదలుపెట్టింది.

నేను తలెత్తకుండానే చెయ్యి ఎత్తాను, ఆగమన్నట్టు. వేలి మీద నెత్తురు చుక్క ఉంది. మేడమ్ ఆగింది. ఎందుకాగిందో తెలియదు, ఆ చుక్కని చూసో, నా మొహం చూసో.  ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయి అలాగే కూచున్నాను. నా చెవుల్లో నా గుండె గుంపులు గుంపులుగా మోగి ఆగుతోంది, మోగి ఆగుతోంది. ఇంక లెక్కలమ్మాయి ముందు, మా ఆయన ముందు, నా ముందు నేనే తలెత్తుకునే దారి లేదనుకున్నాను.

బల్ల కాలిని రుద్దుతున్న చప్పుడు ఆగింది.

“అక్క,” అంది మా అమ్మాయి.